మహేశ్వరం బోరింగు

మా ఊళ్ళో నీళ్ళకు పరీక్ష కందిపప్పుతోనే జరిగేది. కొత్త బోరు ఎక్కడ పడ్డా మా నాయినమ్మ చెంబెడు నీళ్ళు తెప్పించి, పొయ్యి మీద గిన్నె పెట్టి, గుప్పెడు పప్పు పోసేది. పప్పు మెత్తగా కలిసిపోతే అవి తాగే నీళ్ళు. పలుకు పలుకుగానే ఉండిపోతే పశువులకూ, బట్టలకూ. రెండో పరీక్ష సబ్బు. నురగ రాకపోతే "గవి చౌటినీళ్ళు బిడ్డా, నోట్లె పోసుకోవద్దు" అనేది. ఈ రెండు పరీక్షల్లోనూ మా వాడలో అన్నిటికంటే ముందు నిలిచింది బడి పక్కనున్న బోరింగు. దాని నీళ్ళలో పప్పు ఇట్టే ఉడికేది. రంగు లేదు, వాసన లేదు, గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పెట్టి చూస్తే నలక కనిపించదు. నాలుగు వాడల వాళ్ళు మంచినీళ్ళకు అక్కడికే వచ్చేవాళ్ళు. నేనూ, నా ఈడు పిల్లలందరమూ ఆ నీళ్ళతోనే పెరిగాం. మా పండ్ల మీది గార కూడా ఆ నీళ్ళదే.

నేను చెప్పేది 1980ల మాట. హైదరాబాదుకు దక్షిణాన 30 కిలోమీటర్ల దూరంలో, శ్రీశైలం రోడ్డు మీది తుక్కుగూడ దాటి లోపలికి వస్తే మహేశ్వరం. ఇప్పుడు పక్కనే శంషాబాదు విమానాశ్రయం ఉంది కాబట్టి ఎవరికైనా తేలిగ్గా ఆనవాలు చెప్పగలుగుతున్నాను. అప్పుడైతే ఊరి గుర్తులు వేరు. అక్కన్న మాదన్నలు కట్టించారని పెద్దలు చెప్పే శివగంగ గుడి, దాని కోనేరు, ఎటు చూసినా బండరాళ్ళు, ఆ రాళ్ళ నడుమ అంగూరు తోటలు, కూరగాయల మడులు. తెల్లవారుజామున వంకాయ, బెండకాయ గంపలు బస్సు టాపు ఎక్కి పట్నం పోయేవి. మా ఇంట్లో మగవాళ్ళు ఆ గంపల వెంట వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లలం బిందెలు పట్టుకుని బోరింగు కాడికి వెళ్ళేవాళ్ళం.

అంతకుముందు ఊరంతా బాయి నీళ్ళే తాగిందట. మోట బాయిలు, మెట్ల బాయిలు నాకు కొద్దికొద్దిగా గుర్తున్నాయి. మా పొలంలోని బాయిలో ఎండాకాలం కూడా మనిషి లోతు నీళ్ళుండేవని నాయిన చెప్పేవాడు. 1987 కరువు నాటికి అందులో అడుగున బురద తప్ప ఏమీ లేదు. ఆ ఏడాది మా దగ్గర బోరు బండి రాని వారం లేదు. రాతిని తొలిచే ఆ చప్పుడు రాత్రంతా వినిపించేది. తెల్లారి చూస్తే పొలం నిండా పిండిలాంటి తెల్లటి రాతిపొడి. నీళ్ళు పడితే కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. ఎంత లోతున పడితే అంత చల్లని నీళ్ళు, అంత మంచి నీళ్ళు అనుకునేవాళ్ళం.

పాలపండ్లు ఊడినప్పుడు ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత వచ్చిన పండ్లే తేడాగా వచ్చాయి. మొదట సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చలు కనిపించాయి. ఏడాది రెండేళ్ళలో ఆ మచ్చలు పసుపు రంగుకు, ఆ తర్వాత ముదురు గోధుమరంగుకు తిరిగాయి. నా పైపండ్ల మీద అడ్డంగా రెండు చారలుండేవి. నా జతగత్తె పండ్లకైతే సూదితో పొడిచినట్టు గుంటలే పడ్డాయి. వేపపుల్ల, బొగ్గు, ఉప్పు, చివరికి ఇటుకపొడి కూడా పెట్టి తోమేవాళ్ళం. చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చేది కానీ చార పోయేది కాదు. పోదు కూడా. అది నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చింది, పంటి పైపొరకు అంటుకున్న మరక కాదు. చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఫ్లోరైడు ఆ పొరను సరిగ్గా గట్టిపడకుండా చేస్తుంది. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ వయసు దాకా శాశ్వత దంతాల పైపొర ఏర్పడుతుంది. ఆ కాలంలో పిల్ల ఏ నీళ్ళు తాగిందో బతికినన్నాళ్ళూ ఆ పండ్ల మీద కనిపిస్తుంది. అది తెలియక మా అమ్మలు మమ్మల్ని "పండ్లు తోముకోరు, మురికిపిల్లలు" అని తిట్టేవాళ్ళు. పదో తరగతి హాల్‌టికెట్‌కు ఫొటో తీయించుకోవడానికి పోయినప్పుడు ఫొటో ఆయన "కొంచెం నవ్వండమ్మా" అని ఎంత బతిమాలినా మా గుంపులో ఒక్క పిల్లా పెదవి విప్పలేదు.

బడిలో ఇంకొక మాట ఉండేది. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళను అందరూ మొద్దులు అనేవాళ్ళు. సార్లు అనేవాళ్ళు, ఇంట్లోవాళ్ళు అనేవాళ్ళు, తోటి పిల్లలమూ అనేవాళ్ళం. మా వెనకింటి పిల్లగాడు ఒకడికి ఎక్కాలు నిలిచేవి కావు. పొద్దున పన్నెండో ఎక్కం అప్పజెప్పి మధ్యాహ్నానికి మరిచిపోయేవాడు. వాళ్ళమ్మ అంగూరు తోటలో కూలికి పోయేది. పొద్దున జొన్న గటక, రాత్రి జొన్న రొట్టె, పప్పు ఉన్ననాడు పప్పు. పాలు ఆ ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. వాడు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష తప్పి బడి మానేశాడు. పొలం గట్టున నిలబడి మోటారు మోతను బట్టి బోరులో నీళ్ళు ఎంత లోతుకు దిగాయో చెప్పగలిగేవాడు. ఇప్పుడు మోటార్లకు వైండింగు చేస్తాడు, చుట్టుపక్కల పది ఊళ్ళ మోటార్లు అతని దగ్గరికే వస్తాయి. అతని చదువు నీళ్ళ వల్లే ఆగిందని నేను అనను. ఆకలి ఉంది, ఇంట్లో పుస్తకం ముఖం ఎరిగినవాళ్ళు లేరు, చేతిమీద పడే బెత్తం ఉంది. అయితే ఒక్కటి మాత్రం చెప్పాలి. మా తరగతిలో ఎవరికి చదువు రాకపోయినా, ఆ కారణాన్ని ఆ పిల్లల్లోనే వెదికారు. పక్కనే ఉన్న బోరింగును ఎవరూ అనుమానించలేదు.

అనుమానించకపోవడానికి మా మేనత్త ఇల్లు కూడా ఒక కారణం. ఆమెను నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఇచ్చారు. ఇబ్రహీంపట్నం, యాచారం దాటి, మాల్ సంత దగ్గర బస్సు మారి పోయేవాళ్ళం. ఫ్లోరైడును జనం పిలిచే ఫ్లోరిన్ అనే మాట నేను మొదట విన్నది అక్కడే. మా మామ మెడ తిప్పలేడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. తలెత్తి చెంబుతో నీళ్ళు పోసుకోలేడు కాబట్టి గిన్నెలో పోసుకుని వంగి తాగేవాడు. నలభై ఏళ్ళు నిండని మనిషి. చిన్నబావకు మోకాళ్ళు లోపలికి వంగాయి. నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకుని అక్కడ చర్మం ఎప్పుడూ కమిలి ఉండేది. జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ పిల్లల ఈ మోకాళ్ళ గురించే 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. అదే బావ నోటిలెక్కల్లో మహా గట్టి. సంతలో మేకల బేరం జరుగుతుంటే పెద్దవాళ్ళు కాగితం తీసేలోగా వాడు మొత్తం చెప్పేసేవాడు. వాడిని చూసి అందరూ అనేది ఒక్కటే: ఫ్లోరిన్ బొక్కల్ని తింటుంది, బుద్ధికి ఏమీ కాదు. మహేశ్వరంలో మా బొక్కలు బాగానే ఉన్నాయి. కాబట్టి మా నీళ్ళు మంచివే.

ఎముకలు వంగాలంటే నీళ్ళలో ఫ్లోరైడు చాలా ఉండాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పండ్లకు గార పట్టడం మొదలవుతుంది, 3 నుంచి 6 మధ్య ఏళ్ళ తరబడి తాగితే ఎముకల దాకా పోతుంది, 10 దాటితే మనిషి మంచాన పడతాడు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రామే. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మా నాయినమ్మ పప్పు పరీక్ష ఎందుకు మోసం చేసిందో ఈ లెక్కలు చదివేటప్పుడే నాకు అర్థమైంది. కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కానీ కాల్షియం ఉన్నచోట ఫ్లోరైడు దానితో కలిసి గట్టిపడి అడుక్కు దిగిపోతుంది, నీళ్ళలో ఎక్కువ మిగలదు. కాల్షియం సున్నపుగడ్డగా మారి నేలలో నిలిచిపోయిన చోట నీళ్ళు మెత్తబడతాయి, ఫ్లోరైడుకు అడ్డు లేకుండా పోతుంది. అందుకే మా రాతినేలల్లో పప్పు బాగా ఉడికించే నీళ్ళే చాలాసార్లు ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు. తరతరాల అనుభవంతో ఆడవాళ్ళు నేర్చుకున్న పరీక్ష అది. చిన్న బాయి నీళ్ళకు అది సరిగ్గానే పనిచేసింది. రాతిని తొలిచి పైకి తెచ్చిన నీళ్ళ దగ్గరే అది చేతులెత్తేసింది.

ఈ సంగతులు మా ఊరికి చేరకపోయినా కాగితం మీదికి ఎప్పుడో ఎక్కాయి. 1937లో నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల మనుషులు వంగిపోవడాన్ని గుర్తించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. 1945లో అదే పత్రికలో డేవర్ అనే ఆయన హైదరాబాద్ సంస్థానంలో పశువులకూ మనుషులకూ పట్టిన ఈ ఫ్లోరైడు జబ్బు, ఫ్లోరోసిస్ గురించి రాశాడు. అదే ఏడాది జనవరిలో అమెరికాలో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం పిల్లల పండ్లు పుచ్చిపోకుండా ఉండాలని తాగునీళ్ళలో ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. అక్కడ కొలిచి, తక్కువ మోతాదులో కలిపారు. ఇక్కడ నేలే కొలత లేకుండా కలిపింది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంది. ఊరికంతటికీ సరిపోయే మొదటి ప్లాంటు 1980లో అనంతపురం జిల్లా కదిరిలో వచ్చింది. ఇంట్లో చేసుకోవాలంటే రోజూ నీళ్ళను బట్టి పటిక మోతాదు సరిచూడాలి, అడుగున మిగిలే బురదను ఎక్కడో పారబోయాలి. నాట్లు వేసే రోజున ఏ ఇల్లాలు ఆ పని చేస్తుంది? మా మేనత్త ఇంట్లో రెండు ప్లాస్టిక్ బకెట్లు కొన్నాళ్ళు ఆ పనికి వాడారు, ఆ తర్వాత అవి పెండ ఎత్తడానికి పోయాయి.

జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోనే, తార్నాకలో ఉంది. అక్కడ తేల్చిన రెండు విషయాలు మా వంటింటికి దగ్గరివి. అన్నం తినేవాళ్ళ కంటే జొన్నలు తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలిచిపోతుందని 1970లలో చూపించారు. చింతపండు తింటే ఆ ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని 2002లో, బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూపించారు. అది చదివినప్పుడు మా వెనకింటి పొయ్యి గుర్తొచ్చింది. పొద్దునా రాత్రీ జొన్నలు తిని, పాలూ గుడ్డూ ఎరగని ఇంటికి అవే బోరింగు నీళ్ళు మా ఇంటికంటే ఎక్కువ కీడు చేసి ఉంటాయి. అన్నం, మజ్జిగ, చింతపులుసు మా కంచంలో ఉండటం మా గొప్పతనం కాదు, మా నాయినకు రెండెకరాల తరి ఉండటం వల్ల.

నేను పట్నంలో చదువుకుంటున్న 1996లో నల్లగొండ లోక్‌సభ ఎన్నిక దేశమంతా మాట్లాడుకునేలా జరిగింది. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో నీళ్ళ గోడు వినిపించడానికి వందల మంది నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. మా మేనత్త ఇంటి చుట్టుపక్కల ఆ రోజుల్లో ఎవరి నోట చూసినా అదే ముచ్చట. 2003లో అదే సమితి ఫ్లోరోసిస్ పట్టిన పిల్లలను ఢిల్లీకి తీసుకెళ్ళి ప్రధాని వాజ్‌పేయికి చూపించింది. వారిలో శివన్నగూడెం అంశల స్వామి ఒకరు. ఎముకలు ముడుచుకుపోయి ఒళ్ళు ఎదగలేదు. అయినా పెద్దయ్యాక ఆయన మంత్రుల ముందూ, కెమెరాల ముందూ తన ఊరి నీళ్ళ గురించి మాట్లాడిన తీరు విన్నవాళ్ళకు, ఆ మాటలో తడబాటు గానీ తికమక గానీ కనిపించలేదు. 2023 జనవరిలో ఆయన చనిపోయారు.

2004లో నాగార్జునసాగర్ నుంచి హైదరాబాదుకు కృష్ణా నీళ్ళ పైపులైను వచ్చింది. కోదండపూర్‌లో శుద్ధి చేసిన నీళ్ళు గొడకొండ్ల, గున్‌గల్ మీదుగా పట్నం చేరతాయి. మేనత్త ఊరికి పోయే సాగర్ రోడ్డు వెంబడే ఆ లావు పైపులు. బస్సు కిటికీలోంచి చూస్తే కోపం వచ్చేది. మెడ తిరగని మనుషుల ఊళ్ళ పక్కనుంచి మంచినీళ్ళు పట్నానికి పోతున్నాయి. పట్నంలో నల్లా తిప్పి ఆ నీళ్ళు తాగేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ కోపం ఇంకా మింగుడు పడేది కాదు.

మా మహేశ్వరం పేరు కూడా శాస్త్రవేత్తల కాగితాల్లోకి ఎక్కింది. 1999లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రాన్స్‌కు చెందిన భూగర్భ పరిశోధన సంస్థ బీఆర్‌జీఎం కలిసి భూగర్భజలాల మీద ఒక కేంద్రం పెట్టి, 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతాన్ని పరిశోధనకు ఎంచుకున్నాయి. నేను సెలవులకు వచ్చినప్పుడు అమ్మ "తెల్లోళ్ళు వచ్చి బోర్లల్ల తీగెలు దించి చూస్తున్నరు" అని చెప్పేది. వాళ్ళు తేల్చింది చదివితే మా నాయిన పొలమే కళ్ళముందు కనిపిస్తుంది. పైన మెత్తబడిన మట్టిరాయి పొర, దాని కింద పగుళ్ళున్న గ్రానైటు, ఆ కింద గట్టి బండ. బాయిలు బతికింది పై పొర నీళ్ళతో. ఆ పొర ఎండిపోయాక బోర్లు పగుళ్ళలోని నీళ్ళను లాగాయి. ఆ నీళ్ళు రాతిని అంటిపెట్టుకుని ఏళ్ళ తరబడి నిలిచి, రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడును కరిగించుకుంటాయి. ఆ నీళ్ళను తోడి వరి మడికి పెడతాం. ఎండకు కొన్ని ఆవిరవుతాయి, మిగిలినవి ఇంకి మళ్ళీ అదే పొరలోకి చేరతాయి. మళ్ళీ తోడతాం. తిరిగిన కొద్దీ నీళ్ళు తగ్గుతాయి, అందులోని ఫ్లోరైడు చిక్కబడుతుంది. తుమ్మలూరు చెరువు నీళ్ళు భూమిలోకి ఎంత ఇంకుతున్నాయో, దానివల్ల ఫ్లోరైడు ఏమవుతుందో కూడా వాళ్ళు చూశారు. కొన్ని బోర్లలో 1.5 దాటింది, కొన్నిట్లో దాటలేదు. పక్కపక్క పొలాల మధ్యే తేడా ఉంటుంది. అందుకే ఊరి పేరు చెప్పి ఇక్కడి నీళ్ళు మంచివనో చెడ్డవనో అనడానికి లేదు. ఏ బోరుకు ఆ బోరు పరీక్షించాల్సిందే.

ఇక బుద్ధి సంగతి. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి చోయ్, గ్రాంజాన్ 27 అధ్యయనాలను కలిపి చూశారు. దాదాపు అన్నీ చైనా పల్లెలవి. ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్ళ పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో సగటున మార్కులు తక్కువ వచ్చాయి. 2007లో గుజరాత్‌లోనూ బడి పిల్లల మీద ఇలాంటి అధ్యయనమే జరిగింది. 2017లో మెక్సికో నుంచి, 2019లో కెనడా నుంచి వచ్చిన అధ్యయనాల్లో గర్భిణుల మూత్రంలో ఫ్లోరైడు కొలిచి, పుట్టిన పిల్లలను ఏళ్ళ తర్వాత పరీక్షించారు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్ళు తాగితే పిల్లల ఐక్యూ తగ్గడంతో సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమంది. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం 74 అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. మూత్రంలో లీటరుకు ఒక్కో మిల్లీగ్రాము ఫ్లోరైడు పెరిగితే ఐక్యూ 1.63 పాయింట్ల చొప్పున తగ్గుతున్నట్టు తేలింది. ఆ 74లో ఎక్కువ భాగం గట్టి పద్ధతిలో చేసినవి కావని కూడా ఆ రచయితలే రాశారు. ఆర్సెనిక్, సీసం, రక్తహీనత, అయోడిన్ లోపం, పేదరికం, ఇవన్నీ ఒకే ఊళ్ళో ఒకే పిల్లవాడి మీద పడుతుంటే దేని వాటా ఎంతో విడదీయడం కష్టం.

అమెరికాలో టాక్సికాలజీ ప్రోగ్రామ్ నివేదిక మీద పెద్ద గొడవే నడుస్తోంది. 2024 సెప్టెంబరులో ఎడ్వర్డ్ చెన్ అనే ఫెడరల్ జడ్జి అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థను తాగునీళ్ళ ఫ్లోరైడు మీద చర్య తీసుకోమన్నాడు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్ళలో ఫ్లోరైడు కలపడాన్ని నిషేధించాయి. కానీ అక్కడి తగాదా లీటరుకు 0.7 మిల్లీగ్రాముల గురించి. ఆ మోతాదు దగ్గర పిల్లల బుద్ధికి హాని ఉందో లేదో చెప్పడానికి ఆధారాలు చాలవని అదే ప్రోగ్రామ్ స్పష్టంగా రాసింది. ఆ గొడవ వాట్సాప్‌లో మనదాకా వచ్చి, మా వాళ్ళు టూత్‌పేస్టు మానేయాలా అని నన్ను అడుగుతున్నారు. పేస్టు సంగతి తర్వాత. ఏ మోతాదు దగ్గరైతే శాస్త్రవేత్తల మధ్య వాదన తక్కువో, ఆ మోతాదు నీళ్ళు మా దగ్గర బోరుల్లోంచి తోడుకున్నాం. మా మేనత్త ఊళ్ళో దానికి ఎన్నో రెట్లు తాగారు.

ఒకటి రెండు పాయింట్లంటే ఒక పిల్లవాణ్ణి చూసి ఎవరూ పోల్చలేరు. మా బావ లెక్కలు చెబుతూనే ఉంటాడు. అయితే ఊళ్ళో ప్రతి పిల్లా, పిల్లవాడూ రెండు మూడు పాయింట్లు కిందికి జరిగితే, పరీక్ష అంచు మీద నిలబడినవాళ్ళు కింద పడతారు. వెనక బెంచీ కొంచెం పొడుగవుతుంది. సార్లకు అది కనిపిస్తుంది, నీళ్ళు కనిపించవు. నల్లగొండలో కనిపించే ఎముకలనూ, మా దగ్గర కనిపించే పండ్లనూ లెక్కలో వేశాం. కంటికి కనిపించని నష్టాన్ని మాత్రం ఆ పిల్లల ఖాతాలోనే రాసి, మొద్దు అని పేరు పెట్టాం. ఇది నాకు ఇప్పటికీ కడుపులో మండే విషయం.

అందుకే ఈ కొత్త పరిశోధనల గురించి మా వాళ్ళకు చెప్పేటప్పుడు భయంగా కూడా ఉంటుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు పేర్లు చెబితే ఇదివరకే పిల్లనివ్వడానికి జంకేవాళ్ళు. ఇప్పుడు అక్కడివాళ్ళ బుద్ధి కూడా తక్కువట అనే మాట పుడితే ఆ ఊళ్ళకు జరిగిన అన్యాయం రెట్టింపవుతుంది. ఈ లెక్కలు ఊరి సగటు గురించి, నీళ్ళ గురించి. ఎదురుగా నిలబడిన ఒక్క మనిషి గురించి అవి ఏమీ చెప్పవు. అంశల స్వామి మాట ఒక్కసారి విన్నా ఆ సంగతి తెలిసిపోతుంది.

చేయగలిగినవి లేకపోలేదు. ఫ్లోరైడు మీద జీవితమంతా పనిచేసిన డాక్టర్ ఏ.కె. సుశీల, ఫ్లోరైడు పేగు లోపలి పొరను దెబ్బతీసి రక్తహీనత పెంచుతుందనీ, గర్భిణులకు నీళ్ళు మార్చి, మంచి తిండి పెడితే రక్తం పెరుగుతుందనీ ఢిల్లీలో చేసి చూపించారు. తల్లి రక్తహీనత, తల్లి తాగే నీళ్ళ ప్రభావం బిడ్డ మెదడు దాకా పోవచ్చు. కాబట్టి మొదట పరీక్షించాల్సింది అంగన్‌వాడీ నీళ్ళు. మరగబెడితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. ఇళ్ళలో వాడే మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపదు. ఈ రెండు ముక్కలూ గట్టిగా చెప్పేవాళ్ళు మా చిన్నప్పుడు లేరు.

మహేశ్వరంలో ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా ఉంది, వీధికో ఫిల్టరు నీళ్ళ ప్లాంటు ఉంది. 2008లో విమానాశ్రయం వచ్చాక అంగూరు తోటల చోట ప్లాట్లు, వాటికి ట్యాంకర్లు. ఆ ట్యాంకర్లు ఏ బోరు దగ్గర నింపుకొస్తాయో కొనేవాళ్ళలో అడిగేవాళ్ళు తక్కువ. చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ఈ భగీరథ తాగునీటి పథకం మేనత్త ఊరికి కూడా నీళ్ళు తెచ్చింది.

మొన్న దసరాకు వెళ్ళినప్పుడు చిన్నబావ మనవలిద్దరూ నా ముందే కూర్చుని సీతాఫలం తింటున్నారు. పెద్దవాడికి పదమూడేళ్ళు, ముందుపండ్ల మీద గోధుమరంగు గీతలు. చిన్నవాడికి ఏడేళ్ళు, కొత్తగా వచ్చిన రెండు ముందుపండ్లూ శుభ్రంగా ఉన్నాయి. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే బడి. మధ్యలో మారింది ప్రధానంగా నీళ్ళు. ఇలాంటి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఆ మండలాల్లో ఎన్ని ఇళ్ళలో ఉంటారు! కరోనాలో బడులు మూతపడటం, బడి కంచంలోకి గుడ్డు రావడం, చేతికి సెల్‌ఫోను రావడం, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, ఒకే వయసుకు వచ్చినప్పుడు అన్నకూ తమ్ముడికీ ఎన్ని మార్కులో పోల్చి చూడొచ్చు. పేదరికం వాటా ఎంత, నీళ్ళ వాటా ఎంత అనే చిక్కుముడి విప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు. పిల్లల పేర్లు బయటికి రాకుండా, ఫలితం ఏ పిల్లవాడి రిజిస్టరులోనూ పడకుండా చేయాలి. తార్నాకలోని పోషకాహార సంస్థ నుంచి మర్రిగూడ రెండు మూడు గంటల దారి. పెద్దపిల్లలు ఇంకో రెండు మూడేళ్ళలో పదో తరగతి దాటి హాస్టళ్ళకూ పట్నానికీ చెదిరిపోతారు. ఆలోగా ఈ పని మొదలుపెట్టాలి.